“మీ పుస్తకం చదివానండీ” అన్నవాళ్ళ చేత రివ్యూ రాయించుకోవడం ఎలా?

సొంత డబ్బుతో పుస్తకం వేసుకున్న తెలుగు రచయితలందరికీ ఈ అనుభవం ఉండే ఉంటుంది. పొద్దున్నే ఏడింటికి తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తుంది. “అండీ, నేను రిటైర్డ్ టీచర్ని, మీ పుస్తకం రాత్రే పూర్తి చేశాను” అని మొదలుపెట్టి ఒక్కో కథ గురించీ చెబుతారు, మధ్యలో వాళ్ళ మేనత్త కథ కూడా కలుపుతారు, ఇరవై నిమిషాలు గడిచిపోతాయి. మనకి కడుపు నిండిపోతుంది. ఆ ఊపులో అమెజాన్ తెరిచి చూస్తే మన పుస్తకం కింద ఒక్కటే రివ్యూ ఉంటుంది, అదీ “గుడ్ బుక్, ఫాస్ట్ డెలివరీ” అని.

నా మొదటి కథల పుస్తకం ఐదు వందల కాపీలు వేశాను. ఏడాదిలో ఫోన్లు చాలానే వచ్చాయి, వాట్సాప్ మెసేజీలకైతే లెక్కలేదు, ఆన్‌లైన్‌లో రివ్యూలు మాత్రం రెండు. మనవాళ్ళు చదివి స్పందించరని చాలామంది వాపోతుంటారు గానీ నాకలా అనిపించలేదు. చదువుతారు, రచయిత నంబర్ వెతికి పట్టుకుని మరీ స్పందిస్తారు. ఆ మాట మన చెవిలో పడి అక్కడే ఆగిపోతుంది, కొందామా వద్దా అని చూస్తున్న కొత్త మనిషికి చేరదు. దాన్ని అక్కడిదాకా చేర్చే దారి మనమే వేయాలి. రెండో పుస్తకానికి నేను చేసినవీ, మొదటిదానికి చేసి చేతులు కాల్చుకున్నవీ వరసగా చెబుతాను.

మొదట, ఎక్కడ రాయమంటారో తేల్చుకోండి

అమెజాన్, గుడ్‌రీడ్స్ (పాఠకులు పుస్తకాల మీద అభిప్రాయాలు రాసుకునే సైట్), ఫేస్‌బుక్, ఇన్‌స్టా అంటూ అన్నిచోట్లా రాయమంటే ఎవరూ ఎక్కడా రాయరు. ఒక చోటు ఎంచుకోండి. మీ కాపీలు ఎక్కువగా అమెజాన్‌లో అమ్ముడవుతుంటే అక్కడే. అలా కాకుండా వాట్సాప్‌లో అడ్రస్ తీసుకుని ఫోన్‌పేలో డబ్బులు వేయించుకుని పోస్టులో పంపించే పద్ధతి అయితే (మనలో సగం మందిది ఇదేగా) గుడ్‌రీడ్స్ నయం, ఎందుకంటే అక్కడ కొన్నారా లేదా అన్న ప్రశ్నే రాదు, పుస్తకం విడుదల కాకముందే కూడా రాయొచ్చు.

గుడ్‌రీడ్స్‌లో మీ పుస్తకం కనిపించకపోతే కంగారు పడకండి, తెలుగు పుస్తకాలు అక్కడ చాలావరకు ఎవరో ఒకరు చేత్తో చేర్చినవే. మీదీ అలాగే చేర్పించుకోవచ్చు. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉంటే పని సులువు. అది మన దేశంలో ఉచితం, రాజా రామ్మోహన్ రాయ్ పేరు మీదున్న జాతీయ ఏజెన్సీ ఇస్తుంది, ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. దీనికి డబ్బులడిగే మధ్యవర్తులున్నారు, ఇవ్వకండి.

చోటు ఏదైనా సరే, పుస్తకం పేరు తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ రెండు రకాలుగా ఉందో లేదో చూసుకోండి. “చెరువు” అన్న మాటని ఇంగ్లీషులో ముగ్గురు మూడు రకాలుగా కొడతారు. వెతికితే దొరకని పుస్తకానికి రివ్యూ రాయడానికి ఎవరికి ఓపికుంటుంది?

పుస్తకం చివరి పేజీ

నన్నడిగితే అన్నింట్లోకీ పనికొచ్చింది ఇదే. చివరి కథ అయిపోయి పాఠకుడు పుస్తకం ఇంకా మూయని ఆ నిమిషంలో అడగాలి. మనం మామూలుగా అక్కడ ఏం పెడతాం? రచయిత ఫొటో, పుట్టిన ఊరు, అందుకున్న సన్మానాలు, ప్రతులకు ఫలానా చోట సంప్రదించండి అని. వాటిని ఒక పేజీ వెనక్కి జరిపి, కథ ముగిసిన పక్క పేజీలో ఇలా పెట్టండి:

“ఈ కథలు చదివినందుకు సంతోషం. నచ్చినా నచ్చకపోయినా, చదివాక ఏమనిపించిందో రెండు మూడు వాక్యాలు రాయండి. కొనాలా వద్దా అని ఆలోచించే మరొకరికి అవి ఉపయోగపడతాయి. ఈ కోడ్ స్కాన్ చేస్తే నేరుగా రాసే చోటికే వెళ్తారు. తెలుగులోనే రాయొచ్చు.”

ఆఖరి వాక్యం తీసేయకండి. ఇంగ్లీషులో రాయాలేమో, తప్పులు పోతాయేమో అన్న బెరుకుతోనే చాలామంది ఆగిపోతారు, ముఖ్యంగా పెద్దవాళ్ళు.

ఇక క్యూఆర్ కోడ్ దగ్గర నేను తిన్న దెబ్బ చెప్పాలి. మొదటి పుస్తకం అచ్చుకి వెళ్ళే హడావుడిలో, ఉచితం అని కనిపించిన ఒక సైట్‌లో కోడ్ చేయించి పేజీలో పెట్టించాను. అట్టా పేజీలూ అన్నీ బ్రహ్మాండంగా వచ్చాయి. నెలన్నర తర్వాత ఒకాయన ఫోన్ చేసి, “స్కాన్ చేస్తే డబ్బు కట్టమంటోందండీ” అన్నారు. ఆ సైట్ ఇచ్చింది ట్రయల్ కోడ్ అట, గడువు అయిపోయింది. మిగిలిన మూడు వందల చిల్లర కాపీలకి ఇంట్లో అందరం కూర్చుని స్టిక్కర్లు అంటించాం, మా అమ్మాయి ఇప్పటికీ ఆ ఆదివారం గురించి దెప్పుతుంది.

కాబట్టి కోడ్ చేసేటప్పుడు స్టాటిక్ రకం తీసుకోండి. అందులో లింకు కోడ్‌లోనే ఉండిపోతుంది, దానికి గడువుండదు. చిక్కేమిటంటే అచ్చయ్యాక ఆ లింకు మార్చలేం, పైగా పుస్తకం అచ్చయ్యే నాటికి అమెజాన్ పేజీ ఇంకా తయారై ఉండదు. మీకు సొంత వెబ్‌సైట్ ఉంటే కోడ్‌ని దాంట్లో ఒక పేజీకి పెట్టి, అక్కడి నుంచి ఎక్కడికి కావాలంటే అక్కడికి మళ్ళించుకోవచ్చు. లేకపోతే చివరి పేజీలో మాటలు మాత్రమే అచ్చేసి, కోడ్‌ని విడిగా బుక్‌మార్క్ చీటీ మీద వేయించి పుస్తకంలో పెట్టండి. దానికయ్యే ఖర్చు ఏమంత కాదు, లింకు మారితే చీటీ మార్చుకుంటే సరిపోతుంది. కోడ్‌లో పెట్టే లింకు పుస్తకం కొనే పేజీది కాకుండా, అక్కడ రివ్యూ రాసే బటన్ నొక్కితే తెరుచుకునే పేజీది అయితే ఇంకా మంచిది, పాఠకుడికి నాలుగు నొక్కులు తగ్గుతాయి. ప్రూఫ్ కాగితం మీద అచ్చు తీసి, ట్యూబ్‌లైట్ వెలుగులో, ఇంట్లో ఉన్నవాటిలో పాత ఫోన్‌తో స్కాన్ చేసి చూశాకే ప్రెస్‌కి పంపండి.

విడుదలకి ముందే కొన్ని కాపీలు పంపండి

ఆవిష్కరణ సభలో వేదిక మీదున్నవాళ్ళకీ ముందు వరసలోవాళ్ళకీ పంచే కాపీలు ఎక్కువగా అలమారాలోకే వెళ్తాయి, అది మర్యాద ఖర్చు కింద రాసుకోవాల్సిందే. రివ్యూ కోసం పంపేవి వేరు. నెల ముందు ఓ ఇరవై, పాతిక మందిని ఎంచుకోండి. ఎవరిని? మీలాంటి పుస్తకాల గురించి ఇప్పటికే ఎక్కడో ఒకచోట రాస్తూ ఉన్నవాళ్ళని. గుడ్‌రీడ్స్‌లో తెలుగు పుస్తకాల కింద రాసేవాళ్ళు, ఇన్‌స్టాలో తెలుగు పుస్తకాల ఫొటోలు పెట్టేవాళ్ళు, ఫేస్‌బుక్‌లో చదివిన ప్రతి పుస్తకం గురించీ పది వాక్యాలైనా రాసేవాళ్ళు కొద్దిగా వెతికితే కనిపిస్తారు. పేరున్న రచయితలకి పంపాలన్న ఆశ పెట్టుకోకండి, వాళ్ళ బల్ల మీద ఇప్పటికే పుస్తకాలు గోపురం కట్టి ఉంటాయి.

పంపే ముందు అడగండి. అడక్కుండా వచ్చిన పుస్తకం పెళ్ళి శుభలేఖతో సమానం, చదవరు. “ఈ పుస్తకం ఫలానా విషయం మీద, నూట అరవై పేజీలు, మీకు ఆసక్తి ఉంటే కాపీ పంపుతాను, చదివాక రాయాలనిపిస్తే రాయండి, తప్పనిసరి కాదు, నచ్చకపోతే అదే రాయండి” అంటే చాలు. ఈ ‘తప్పనిసరి కాదు’ అన్నది మర్యాద కోసం పెట్టిన మాట అనుకోకండి, అమెజాన్ నియమం కూడా అదే. పుస్తకం ఉచితంగా ఇవ్వొచ్చు గానీ దానికి బదులు రివ్యూ రాయాలని షరతు పెట్టకూడదు, బాగా రాయమని అడగకూడదు. రాసేవాళ్ళని “కాపీ రచయిత పంపారు” అని ఒక ముక్క చేర్చమనండి, చదివేవాళ్ళకి నమ్మకం పెరుగుతుంది.

పీడీఎఫ్ పంపితే పోస్టు ఖర్చు తప్పుతుంది, నిజమే. కానీ తెలుగు పుస్తకం పీడీఎఫ్ ఒకసారి వాట్సాప్‌లోకి పోయిందంటే ఇక అది ఊరుమ్మడి సొత్తు. తప్పదనుకుంటే ప్రతి పేజీ మీదా అందుకునేవాళ్ళ పేరు సన్నగా పడేలా చేసి పంపండి. నేనైతే అచ్చు కాపీలే పంపుతాను. తపాలా శాఖ 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని మొదలుపెట్టింది, 300 గ్రాముల లోపు పుస్తకానికి 20 రూపాయలూ పన్నూ, ట్రాకింగ్ కూడా ఉంటుంది, కాకపోతే నెమ్మదిగా వెళ్తుంది. ప్రచురణకర్త పేరో ప్రింటర్ పేరో పుస్తకం మీద ఉండాలి. అన్నిరకాల పుస్తకాలకీ వర్తించదు, కాబట్టి కవర్ అంటించకుండా తీసుకెళ్ళి కౌంటర్‌లో చూపించి అడగండి.

రెండోసారి నేను పాతిక మందికి పంపితే ఎనిమిది మంది రాశారు. మిగతావాళ్ళలో ఇద్దరు ఇప్పటికీ ఎదురుపడితే మొహం తిప్పుకుంటారు పాపం, వాళ్ళని అప్పు అడిగినట్టు అడగకండి.

ఫోన్ వచ్చినప్పుడు

మెచ్చుకుంటూ మాట్లాడుతున్న మనిషిని మధ్యలో ఆపి “రివ్యూ రాయండి” అంటే ముచ్చట చెడిపోతుంది. చెప్పనివ్వండి. చివర్లో ఒక్క మాట అనండి: “సార్, ఇప్పుడు మీరు ఆ తండ్రి పాత్ర గురించి చెప్పారు చూడండి, అది రివ్యూగా రాస్తే ఇంకో నలుగురు చూస్తారు, లింకు పంపనా?” పంపమంటారు. ఫోన్ పెట్టేసిన ఐదు నిమిషాల్లో వాట్సాప్ చేయండి. సాయంత్రానికి వాయిదా వేశారో, ఆయన మనవడి ట్యూషన్ దగ్గర ఉంటారు.

మెసేజ్ ఇలా ఉండొచ్చు: “నమస్తే సార్. ఇందాక మీరు చెప్పినదే ఇక్కడ రెండు మూడు వాక్యాలు రాస్తే చాలు, బాగున్నదీ బాగాలేనిదీ ఏదైనా. టైపింగ్ కష్టమైతే కీబోర్డు మీద మైక్ గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడండి, అదే రాసుకుంటుంది. వీలుకాకపోతే పర్వాలేదు.” తెలుగు మాటని అక్షరాల్లోకి మార్చే సౌకర్యం గూగుల్ కీబోర్డులో ఉంది. అరవై దాటిన పాఠకులకి ఈ ఒక్క విషయం చెబితే చాలు, ఫోన్లో ఇరవై నిమిషాలు మాట్లాడే మనిషికి మైక్‌లో మాట్లాడటం ఒక లెక్కా?

“ఏం రాయాలో తెలియదమ్మా, మీరే రాసి పంపండి, నేను పెడతాను” అనేవాళ్ళుంటారు. మనసు లాగుతుంది గానీ ఒప్పుకోకండి. మీరు రాసి పంపిన పది రివ్యూలూ ఒకే గొంతుతో ఉంటాయి, చదివేవాడు రెండోదానికే పసిగడతాడు. బదులుగా మూడు ప్రశ్నలు పంపండి: పుస్తకం మూశాక ఏది గుర్తుండిపోయింది? ఎక్కడ విసుగనిపించింది? ఇది ఎలాంటివాళ్ళకి నచ్చుతుంది? జవాబులు వరసగా పెడితే అదే రివ్యూ. ఎన్ని స్టార్లు ఇవ్వాలో మాత్రం మీ నోటి నుంచి రాకూడదు.

విమర్శించడానికి ఫోన్ చేసినవాళ్ళకి కూడా ఇదే లింకు పంపాలి. మెచ్చుకున్నవాళ్ళనే ఏరి అడగడం నియమాలకీ విరుద్ధం, చూడ్డానికీ బాగోదు. అన్నీ ఐదు స్టార్లే ఉన్న పుస్తకాన్ని నేనే నమ్మను.

ఫేస్‌బుక్‌లో ఇప్పటికే రాసినవాళ్ళు

వీళ్ళని మరిచిపోతాం. మీ పుస్తకం గురించి వాళ్ళ గోడ మీద నాలుగు పేరాలు రాస్తారు, మీరు షేర్ చేస్తారు, వంద లైకులు వస్తాయి, మూడో రోజుకి అది ఎక్కడుందో రాసినవాళ్ళకే దొరకదు. ధన్యవాదాలు చెప్పాక, “ఇదే కాపీ చేసి అమెజాన్‌లోనో గుడ్‌రీడ్స్‌లోనో కూడా పెడతారా?” అని ఇన్‌బాక్స్‌లో అడగండి. కష్టమైన పని వాళ్ళు ఎప్పుడో చేసేశారు, మిగిలింది కాపీ పేస్టే, కాబట్టి కాదనేవాళ్ళు తక్కువ. మీరే వెళ్ళి పాత పోస్టులు వెతికి పట్టుకోండి, నాకు ఒక్క ఆదివారంలో అలా అయిదు దొరికాయి.

రాశాం అంటారు, కనబడదు

దీని గురించి ముందే తెలుసుకుని ఉండండి, లేకపోతే అనవసరంగా టెన్షన్ పడతారు. అమెజాన్‌లో రివ్యూ రాయాలంటే ఆ ఖాతాలో గడిచిన పన్నెండు నెలల్లో కొంత కనీస మొత్తానికి కొనుగోలు చేసి ఉండాలి, అమెరికా సైట్‌లో అది 50 డాలర్లు, మన సైట్‌కి కూడా ఇలాంటి పరిమితి ఉంది. కాబట్టి ఎప్పుడూ అమెజాన్ వాడని మీ పాఠకుడి చేత కొత్త ఖాతా తెరిపించి రాయించాలని చూస్తే కుదరదు, వాళ్ళకి గుడ్‌రీడ్స్ లింకు ఇవ్వండి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పాఠకులు అక్కడి సైట్‌లో రాస్తే అది ఇండియా పేజీలో కనబడుతుందన్న నమ్మకం లేదు. రివ్యూలో ఫోన్ నంబరో, వేరే సైట్ లింకో ఉంటే తీసేస్తారు. అవేవీ లేకున్నా పరిశీలించి పైకి తేవడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు.

వేరే చోట కొన్నవాళ్ళు కూడా అమెజాన్‌లో రాయొచ్చు, పక్కన కొన్నట్టు ధ్రువీకరించే ముద్ర పడదు, అంతే. అయితే విడుదలైన రోజునే ఇరవై మందిని ఉసిగొల్పి అలాంటి రివ్యూలు కుప్ప పోయిస్తే, ఏదో తేడాగా ఉందని ఆ పేజీలో రివ్యూలకే అడ్డు పెట్టేస్తారు. వారానికి రెండో మూడో వచ్చేలా మెల్లగా అడగండి.

ఇవి వద్దు

మీ ఆవిడా, తమ్ముడూ, బావమరిదీ రాసినవి అమెజాన్ తీసేస్తుంది, కుటుంబ సభ్యులూ దగ్గరి స్నేహితులూ రాయకూడదన్నది నియమం. “నువ్వు నాది రాయి, నేను నీది రాస్తా” అన్న రచయితల ఒప్పందాలు మనలో బాగా ఎక్కువ, అదీ నిషేధమే. రివ్యూ స్క్రీన్‌షాట్ పంపితే రెండో పుస్తకం ఉచితం, యూపీఐలో యాభై వెనక్కి ఇస్తాం, ఇలాంటివన్నీ లంచం కిందే లెక్క. ఇన్ని రివ్యూలకి ఇంత అని ప్యాకేజీలు అమ్మేవాళ్ళు మీ పుస్తకం వచ్చిన వారంలోనే ఇన్‌బాక్స్‌లోకి దిగుతారు, జవాబు కూడా ఇవ్వకండి. డబ్బిచ్చి కొన్న రివ్యూలు కూడదని మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ 2022లోనే ఐఎస్ 19000 పేరుతో ప్రమాణం తెచ్చింది, అమెరికాలో అయితే 2024 అక్టోబర్ 21 నుంచి దొంగ రివ్యూలు కొనడం అమ్మడం మీద ఏకంగా నిబంధనే అమల్లో ఉంది. అక్కడుండి పుస్తకాలు వేసుకునే తెలుగువాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పత్రికలూ పుస్తకాల పండగలూ

దినపత్రికల ఆదివారం అనుబంధాలకి సమీక్ష కోసం రెండు ప్రతులు పంపడం పాత ఆనవాయితీ, ఇప్పుడూ పంపండి, కాకపోతే నెలలు పట్టొచ్చు, రాకపోనూ వచ్చు. వెబ్ పత్రికల్లో సమీక్షలు ఎన్నేళ్ళైనా గూగుల్‌లో దొరుకుతాయి. పుస్తకం.నెట్ అయితే 2009 నుంచి పుస్తకాల కోసమే నడిచింది, అక్కడి పాత వ్యాసాలు చదివితే మంచి సమీక్ష ఎలా ఉంటుందో, మీలాంటి పుస్తకాలని ఎవరు ఇష్టంగా చదువుతారో తెలుస్తుంది.

డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం. స్టాల్ దగ్గర సంతకం పెట్టి ఇస్తున్నప్పుడే ఆ బుక్‌మార్క్ చీటీ చూపించి, “చదివాక దీన్ని స్కాన్ చేయండి” అని నోటితో చెప్పండి. అడిగి నంబర్ తీసుకుని నోటుబుక్కులో పేరు, తేదీ రాసుకోండి. సంక్రాంతి సెలవులు అయ్యాక ఒక్క మెసేజ్ పంపండి, పుస్తకం తెరిచారా అని. జవాబు రాకపోతే ఇంకోటి పంపకండి. వారం వారం గుర్తుచేసే రచయిత నంబర్‌ని జనం ఏం చేస్తారో మనకి తెలుసు, మనమూ కొందరిని చేశాం కదా.

రెండు స్టార్లు పడినప్పుడు

ఒక రోజు ఆగండి. జవాబు రాయకండి, స్నేహితుల చేత రాయించకండి, ఫేస్‌బుక్‌లో ఆ స్క్రీన్‌షాట్ పెట్టి నిట్టూర్చకండి. డెలివరీలో అట్ట నలిగిందని పుస్తకానికి ఒక స్టార్ ఇచ్చిన కేసైతే రిపోర్ట్ చేసి చూడొచ్చు, తీసేస్తే తీసేస్తారు. నా పుస్తకానికి ఒకావిడ “కథలు పర్వాలేదు, పేజీకో అచ్చుతప్పు” అని రెండు స్టార్లు వేశారు. రెండు రోజులు అన్నం సయించలేదు. తర్వాత పెన్సిల్ పట్టుకుని లెక్కపెడితే మొత్తం నలభై ఒకటి తేలాయి. రెండో ముద్రణకి డీటీపీ (కంప్యూటర్‌లో పేజీల కూర్పు) మళ్ళీ చేయించి, వేరే మనిషి చేత ప్రూఫులు దిద్దించాను. ఆవిడ రివ్యూ ఇంకా అలాగే ఉంది, దాని కింద వేరెవరో “కొత్త ముద్రణలో తప్పులు లేవు” అని రాశారు, ఆయనెవరో నాకు తెలియదు.